డబ్బా, తాడు, ఒడ్డున ఒక మనిషి



భివండిలో ఏప్రిల్ నెల వచ్చిందంటే రేకుల కప్పు కింద సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, నిలబడటం కష్టమవుతుంది. పిల్లలకు పరీక్షలు అయిపోతాయి. ఇక పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో ఏ ఖోలీ ముందు చూసినా సంచులు సర్దడమే. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ. అమ్మమ్మ ఊరు, నాయనమ్మ ఊరు. మన పెద్దలు భీమండి అని పిలుచుకున్న ఈ ఊరికి బతుకుదెరువు కోసం వచ్చి రెండు మూడు తరాలైంది. అయినా ఎండాకాలం సెలవులంటే మనకు తెలంగాణే.

మన పిల్లలు ఊళ్లో బస్సు దిగగానే ఏం అడుగుతారో మీకు తెలుసు. బావి ఎక్కడ? చెరువు ఎక్కడ? కాలువలో నీళ్లున్నాయా?

అడగరా మరి! ఏడాదంతా నల్లా నీళ్లు డ్రమ్ములో పట్టుకుని, చెంబుతో కొలిచి స్నానం చేసిన పిల్లలు. నిండుగా నీళ్లు కనిపిస్తే వాళ్ల ప్రాణం అటే లాగుతుంది. కానీ ఒక సంగతి మనం మర్చిపోతాం. ఊళ్లో పెరిగిన పిల్లలకు ఈత వచ్చు. ఏ బావికి మెట్లున్నాయో తెలుసు. చెరువులో లోతు ఎక్కడ మొదలవుతుందో తెలుసు. మన పిల్లలకు ఇవేవీ తెలియవు. పూడిక మట్టి తవ్విన చెరువుల్లో గుంతలుంటాయి. మోకాలి లోతే కదా అని ఇంకో అడుగు వేస్తే నిలువు లోతు. పైనుంచి చూస్తే నీళ్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి.

అందుకే ఈ రోజు ఒకే ఒక్క మాట చెప్పడానికి వచ్చాను. మళ్లీ మళ్లీ అదే చెప్తాను, విసుక్కోకండి. నీళ్ల దగ్గరికి పోతే మూడు ఉండాలి. డబ్బా. తాడు. ఒడ్డున ఒక మనిషి.

ఈ మాట నా సొంతం కాదు. పడవలు నడిపేవాళ్ల దగ్గరి మాట. మన తాతల దగ్గరి మాట కూడా.

ముందు పడవల సంగతి చెప్తాను. హైదరాబాద్ హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవలు మీరు చూసే ఉంటారు. అక్కడ సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ ఉంది. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉంది. ఏటా వానాకాలంలో అక్కడ పడవ పోటీలు జరుగుతాయి. ఇదంతా డబ్బున్నవాళ్ల ఆట అనుకుంటాం. కానీ యాట్ క్లబ్‌లో పేదిళ్ల పిల్లలకు కూడా పడవ నడపడం నేర్పుతారు. హైదరాబాద్ అమ్మాయి ప్రీతి కొంగర 2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశం తరఫున పడవ నడిపింది. మన తెలుగుపిల్ల.

చిన్నపిల్లలకు నేర్పే పడవ పేరు ఆప్టిమిస్ట్. ప్రపంచమంతా అదే పడవ. ఏడున్నర అడుగుల పైచిలుకు పొడవు. అంటే మన ఇంట్లో మంచం కంటే కాస్త పెద్దది. బరువు 35 కిలోలు. లోపల గాలి నింపిన సంచులు కట్టి ఉంటాయి, పడవ మునగకుండా. పదిహేనేళ్ల దాకా పిల్లలు ఒక్కొక్కరే కూర్చుని నడుపుతారు.

ఇంత చిన్న పడవలో ఇంత చిన్న పిల్లను కూర్చోబెట్టి తొలిరోజుల్లో ఏం నేర్పుతారో చెప్పండి. తెరచాప ఎత్తడం అనుకుంటారు. గాలి చూడటం అనుకుంటారు. పడవ తిరగేయడం నేర్పుతారు! కావాలని పడవను పక్కకు వంచి, బోర్లా పడేయమంటారు. పిల్ల నీళ్లలో పడుతుంది. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంటుంది కాబట్టి తల పైకే ఉంటుంది. పడవను వదిలి ఒడ్డుకు ఈదకూడదు. పడవనే పట్టుకోవాలి. అడుగున ఉన్న చెక్క మీద తన బరువంతా వేసి, పడవను మళ్లీ నిలబెట్టాలి. ఎక్కాలి. నీళ్లు తోడి పోయాలి. ఇంతసేపూ పక్కనే మోటారు పడవలో ఒక మనిషి కాచుకుని ఉంటాడు. అతని చేతిలో తాడు ఉంటుంది.

పిల్ల రెండోసారి పడినప్పుడు భయపడదు. ప్రమాదం ముందే ఒకసారి జరిగిపోయింది కదా. పెద్దల కళ్ల ముందు, జాకెట్‌తో, లోతు తెలిసిన నీళ్లలో జరిగిపోయింది. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. బండి నేర్చుకునేటప్పుడు మనకెవరూ పడటం నేర్పలేదు. మనమే పడి నేర్చుకున్నాం. నీళ్లలో అలా కుదరదు.

ఇప్పుడు తాతల సంగతి. మా చిన్నాయన నాకు ఈత నేర్పింది ఊరి వ్యవసాయ బావిలో. నడుముకు జీలుగ బెండ్లు కట్టాడు. కొందరికి ఎండిన సొరకాయ బుర్రలు కట్టేవాళ్లు. బెండ్ల మీదుగా తాడు బిగించి, రెండో కొస తన చేతికి రెండు చుట్లు చుట్టుకుని, మోట రాయి మీద కాలు తన్నిపెట్టి నిలబడేవాడు. "దుంకు బిడ్డా, నేనున్న" అనేవాడు. నేను దూకేదాన్ని. ఆయన చూసేవాడు. ఎవరైనా పిలిస్తే తల తిప్పేవాడు కాదు. "ఆగు, పిల్ల నీళ్లల్ల ఉంది" అని అలాగే నా వైపు చూస్తూ జవాబు చెప్పేవాడు. రోజులు గడిచేకొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తీసేసేవాడు. తాడు మాత్రం చివరిదాకా ఉండేది.

చూశారా! హుస్సేన్ సాగర్‌లో లైఫ్ జాకెట్, రక్షణ పడవ, అందులో మనిషి. మా ఊరి బావిలో జీలుగ బెండు, తాడు, మా చిన్నాయన. రెండూ ఒకటే. ఇప్పుడు చాలా బావులు పూడిపోయాయి. బెండ్లు కట్టే చిన్నాయనలు సూరత్ పోయారు, షోలాపూర్ పోయారు, భివండి వచ్చారు. నీళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఇక డబ్బా సంగతి. లైఫ్ జాకెట్ ఎలా పనిచేస్తుందో వంటింట్లోనే చూడొచ్చు. అయిదు లీటర్ల నూనె డబ్బా ఖాళీ చేసి, మూత గట్టిగా బిగించి, బకెట్ నీళ్లలోకి అదిమి చూడండి. చేతిని పైకి తోసేస్తుంది. ఎంత బలంతో తోస్తుంది? దాదాపు అయిదు కిలోల బలంతో. మనిషి బరువు 60 కిలోలు కదా, అయిదు కిలోలు ఏం సరిపోతుంది అంటారేమో. నీళ్లలో మనిషి దాదాపు తేలే వస్తువే. ఒళ్లంతా నీళ్లే మోస్తాయి. ముక్కు, నోరు నీటి పైన ఉంచడానికి మటుకు నాలుగైదు కిలోల ఆసరా కావాలి. ఆ ఆసరా దొరకకే మనుషులు పోతున్నారు. ఒక నూనె డబ్బా మోసేంత ఆసరా.

జాకెట్ ఇంకా మేలు. దాన్ని చేతులతో పట్టుకోనక్కర్లేదు. స్పృహ తప్పినా విడిచిపోదు. కాబట్టి పడవ ఎక్కితే జాకెట్. ఇందులో మాట తప్పొద్దు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, 2019 సెప్టెంబరు 15 మనకు గుర్తుండాలి. పాపికొండలు చూడటానికి వెళ్లిన పడవ గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర మునిగింది. డెబ్బై మందికి పైగా ఎక్కారు. 26 మందే బతికి బయటపడ్డారు. వరంగల్ పక్కనున్న కడిపికొండ నుంచే 14 మంది వెళ్లారు ఆ పడవలో. మన బంధువుల ఊళ్లు అవి. నీళ్లలో కొట్టుకుపోతున్నవాళ్లను ఒడ్డుకు చేర్చింది దగ్గరి గూడెం గిరిజనులు, తమ చిన్న నాటు పడవలతో. బతికినవాళ్లలో చాలామంది ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉన్నవాళ్లే.

2024 జనవరి 18న వడోదరలో హర్నీ చెరువు మీద విహారానికి వచ్చిన బడిపిల్లల పడవ తిరగబడింది. 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. పట్టేదానికంటే ఎక్కువ మందిని ఎక్కించారు. అందరికీ జాకెట్లు లేవు. అదే ఏడాది డిసెంబరు 18న మన బొంబాయిలోనే, గేట్‌వే నుంచి ఎలిఫెంటాకు పోతున్న ఫెర్రీని నౌకాదళం స్పీడ్‌బోటు గుద్దింది. ఆ తర్వాతే అక్కడ పడవ ఎక్కే ప్రతి మనిషీ జాకెట్ వేసుకోవాల్సిందేనని గట్టిగా అమలు చేశారు.

మనవాళ్లు ఆదివారం ఠాణే పోయి తలావ్ పాళీలో పడవ ఎక్కుతారు. ఊరికి పోతే కరీంనగర్ మానేరు డ్యాం మీద ఎక్కుతారు. ఎక్కండి. పిల్లలకు నీళ్ల మీద తిరగడం కంటే సంబరం ఏముంది! కానీ ఒకచోట నేను చూసింది చెప్తాను, ఆ రేవు పేరు చెప్పను. ఒక తల్లి తన బిడ్డకు జాకెట్ వేయించింది, బకిల్ పెట్టించింది. పడవ నడి నీళ్లలోకి పోయాక ఫోన్ తీసింది. "కొత్త ఫ్రాక్ కనిపిస్తలేదు బిడ్డా" అంటూ జాకెట్ విప్పింది. ఫోటో దిగింది. ఒడ్డుకు వచ్చేదాకా ఆ జాకెట్ పిల్ల కాళ్ల దగ్గరే పడి ఉంది. పడవ నడిపే అతను చూశాడు, ఏమీ అనలేదు. పడవలో ఉన్న మేమూ ఏమీ అనలేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఫోటోలో జాకెట్ కనిపిస్తే ఏమైందమ్మా? ఇంకోసారి చూస్తే నేను ఊరుకోను. మీరూ ఊరుకోవద్దు.

సరే. ఇప్పుడు అసలు కష్టమైన సంగతికి వస్తాను. మన కళ్ల ముందే ఒకరు మునుగుతున్నారు. ఏం చేయాలి?

మునుగుతున్నాడని మనకు తెలియాలి కదా ముందు. సినిమాలో అయితే చేతులు ఊపుతాడు, కాపాడండి అని అరుస్తాడు. నిజంగా మునిగే మనిషి అరవలేడు. శ్వాసే అందనప్పుడు మాట ఎక్కడిది? చేయి పైకెత్తి ఊపలేడు. రెండు చేతులూ పక్కలకు చాపి నీటిని కిందికి నొక్కుతూ ఉంటాడు, ఒళ్లు పైకి లేపుకోవడానికి. తల వెనక్కి వాలుతుంది. నోరు నీటి మట్టానికి వస్తుంది, మునుగుతుంది, వస్తుంది. ఫ్రాంక్ పియా అనే అమెరికా లైఫ్‌గార్డ్ ఏళ్ల తరబడి గమనించి ఈ సంగతి రాశాడు. ఇదంతా 20 సెకన్ల నుంచి నిమిషం లోపు అయిపోతుంది. పక్కనే ఆడుతున్న పిల్లలకు కూడా తెలియదు. అందుకే ఒడ్డున ఒక మనిషి కావాలి. ఫోన్ చూడని మనిషి. మాటల్లో పడని మనిషి. మా చిన్నాయన లాంటి మనిషి.

సరే, చూశాడు. వెంటనే ఏం చేస్తాం? దూకుతాం. కన్నబిడ్డ, తోడబుట్టినవాడు, దోస్తు. ప్రాణం ఆగదు. ఇక్కడే చెప్పలేనంత నష్టం జరుగుతోంది. పేపర్లో మీరే చదువుతారు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు, ఆయన కోసం మరొకరు. ఒకే ఇంటి నుంచి మూడు శవాలు. మునిగేవాడికి గడ్డిపోచ ఆసరా అంటారు మన పెద్దలు. గడ్డిపోచనే వదలనివాడు మన మెడను వదులుతాడా? అతని తప్పు కాదది. భయంలో ఉన్న ఒళ్లు ఏది దొరికితే దాని మీదికి ఎక్కుతుంది. గజ ఈతగాణ్ణి కూడా కిందికి తొక్కేస్తుంది.

కాబట్టి మనిషి దూకొద్దు. వస్తువును విసరాలి. డబ్బా విసరాలి. తాడు విసరాలి. తాడు లేకపోతే చీర విసరాలి.

చీర అంటే నవ్వకండి. 2020 ఆగస్టు 6న తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర నలుగురు కుర్రాళ్లు మునిగిపోతుంటే, బట్టలు ఉతకడానికి వచ్చిన ముగ్గురు ఆడవాళ్లు తమ ఒంటి మీది చీరలు విప్పి విసిరారు. ఇద్దరు కుర్రాళ్లు ఆ చీరలు పట్టుకుని ఒడ్డుకు వచ్చారు. మిగతా ఇద్దరిని దక్కించుకోలేకపోయారు. ఆ ముగ్గురికీ తమిళనాడు ప్రభుత్వం ఆ పంద్రాగస్టుకే కల్పనా చావ్లా అవార్డు ఇచ్చింది. సిగ్గు కంటే ప్రాణం పెద్దదని ఆ తల్లులకు క్షణంలో తెలిసింది.

మనం బట్ట నేసే జాతి. చీర ఎంత బరువు ఆపుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయిదున్నర మీటర్ల పొడవు. నూలు బట్ట తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. రెండు చీరలు ముడేస్తే పది మీటర్ల పైన వస్తుంది.

ఆ ముడి దగ్గర నేను ఆశ్చర్యపోయిన సంగతి ఒకటి చెప్పాలి. పడవ క్లబ్బుల్లో పిల్లలకు తాళ్ల ముడులు నేర్పుతారు. రెండు తాళ్లను కలిపే ముడి ఒకటుంది. షీట్ బెండ్ అంటారు. ఒక తాడు లావు, ఇంకొకటి సన్నం అయినా పట్టుకుంటుంది. ఒక కొసను వెనక్కి మడవాలి. రెండో కొసను ఆ మడతలోంచి పైకి తీయాలి. మడత రెండు కాళ్ల వెనకనుంచి చుట్టి తేవాలి. తెచ్చి తన కిందే దూర్చాలి. లాగాలి. ఇది విన్నాక మీలో సాంచ నడిపినవాళ్లకు వేళ్లు కదిలాయా? మనది అదే! పడుగు పోగు తెగి సాంచ ఆగితే, చూడకుండా వేళ్లతో వేసే ముడి. సముద్రం మీది వాళ్లూ, మగ్గం మీది వాళ్లూ వేర్వేరు చోట్ల ఒకే ముడికి వచ్చారు. ఇంగ్లీషులో కూడా దాన్ని నేతగాడి ముడి అనే అంటారు.

కాబట్టి మీ చేతుల్లో ఆ విద్య ఉంది. మీ పిల్లల చేతుల్లో లేదు. ఈ సెలవుల్లో నేర్పండి. చీరలకు వేసేటప్పుడు ఒక చుట్టు కాదు, రెండు చుట్లు తిప్పండి. పాలిస్టర్ జారుతుంది. విసిరే ముందు ఒక్కసారి గట్టిగా లాగి చూడండి.

డబ్బాకు తాడు ఎలా కట్టాలి? చెవి దగ్గర కట్టండి. ఖాళీ డబ్బా గాలికి కొట్టుకుపోతుంది, దూరం పోదు. అందుకని లోపల ఒక గ్లాసు నీళ్లు పోసి మూత బిగించండి. సరిగ్గా పోయి పడుతుంది. తాడు పదిహేను మీటర్లు ఉంటే మంచిది. ఒక కొస డబ్బాకు, ఇంకో కొస మీ చేతిలో. మీ నడుముకు మాత్రం కట్టుకోవద్దు. నిలబడి లాగొద్దు, మునిగేవాడు మిమ్మల్నే లాగేస్తాడు. కూర్చోండి, లేదా ఒడ్డున బోర్లా పడుకోండి. అతని పేరు పెట్టి గట్టిగా పిలవండి. అతని తల దాటి అవతలికి పడేలా విసరండి. అప్పుడు తాడు అతని భుజం మీదికి వస్తుంది. పట్టుకున్నాక మెల్లగా లాగండి.

బయటికి తీశాక ఒక్క మాట. కాళ్లు పట్టి గిరగిర తిప్పొద్దు. పొట్ట నొక్కొద్దు. ఉప్పులో పాతిపెడితే ప్రాణం వస్తుందని ఫోన్లలో తిరిగే మాట పచ్చి అబద్ధం, దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోటితో నోటిలోకి గాలి ఊదండి. తర్వాత ఛాతీ నడిమిలో గట్టిగా, వేగంగా నొక్కండి. గాలి, నొక్కడం, గాలి, నొక్కడం. ఆపొద్దు. పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి. ఇక్కడ మహారాష్ట్రలోనూ 108, అక్కడ తెలంగాణలోనూ 108.

మళ్లీ ఒకసారి. నీళ్ల దగ్గరికి పోతే డబ్బా. తాడు. ఒడ్డున ఒక మనిషి. పడవ ఎక్కితే జాకెట్. దూకొద్దు, విసరాలి.

వింటే సరిపోదు, చేయి అలవాటు పడాలి. పడవ క్లబ్బులో పిల్లలతో పడవ తిరగేయించినట్టే, మనమూ ఒకసారి ముందే చేసి చూసుకోవాలి. నీళ్లు కూడా అక్కర్లేదు. పోయిన ఆదివారం మా గల్లీలో చేశాం. మా అక్క ఇచ్చిన నూనె డబ్బాలో గ్లాసు నీళ్లు పోసి, బీములు కట్టే తాడు తెచ్చి కట్టాం. గల్లీ చివర ఒక పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాం. వాడు మునుగుతున్నాడన్నమాట. వాడు నోరు తెరవకూడదు, చేతులు పైకి ఎత్తకూడదు. రెండు చేతులతో కుర్చీని కిందికి నొక్కుతూ ఉండాలి. మేం పది అడుగుల దూరం నుంచి మొదలుపెట్టి ముప్పై అడుగుల దాకా పోయాం.

నేను మొదటిసారి విసిరితే ఎవరో ఎండబెట్టిన వడియాల మీద పడింది. రెండోసారి తాడు కాలికి చుట్టుకుని డబ్బా నా ముందే ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది, తాడును ముందే వదులుగా చుట్లు చుట్టి పెట్టుకోవాలని. మా మేనకోడలికి పదేళ్లు. చుట్లు సరిచేసుకుంది. వాడి పేరు గట్టిగా పిలిచింది. విసిరి, కింద కూర్చుంది. డబ్బా వాడి తల మీదుగా పోయి వెనక పడింది, తాడు భుజం మీదికి వచ్చింది. వాడు రెండు చేతులతో పట్టుకున్నాడు. పిల్ల లాగుతుంటే కుర్చీతో సహా జరుగుతూ వచ్చాడు.

ఆ డబ్బా, ఆ తాడు ఇప్పుడు ఊరికి పోయే సంచిలో, మామిడి ఒరుగుల పొట్లం పక్కన ఉన్నాయి.